దూరదేశపు స్నేహితుడికి సొంతూరి సంగతులు

ఎన్నడూ ముఖాముఖి కలవని ఇద్దరు వ్యక్తులు ఉత్తరాల మీదనే పెంచుకునే పరిచయాన్ని తెలుగులో కలం స్నేహం అంటారు. ఒకే ఊళ్ళో ఉండే స్నేహితుల మధ్య ఎప్పుడూ మాటల్లోకి రాని సంగతులే ఈ స్నేహానికి ముడిసరుకు: ఊరు ఏ దేశంలో ఏ మూలన ఉంది, ఇంట్లో ఏ భాష మాట్లాడతారు, బంధువులను ఏ వరసతో పిలుస్తారు, బతికుండగా ఏ చోటు చూసి రావాలని ఉంది. జయశంకర్ భూపాలపల్లి జిల్లాలోని చిట్యాల మండల కేంద్రంలో నివసించే వ్యక్తి తన పక్కింటివాడికి చిట్యాల ఎక్కడుందో చెప్పవలసిన అవసరం జన్మలో రాదు. ఫిన్లాండులోనో జపాన్‌లోనో ఉన్న మిత్రుడికి అదే సంగతి రాయవలసి వచ్చినప్పుడు మాత్రం, తనకు బాగా తెలుసుననుకున్న ఊరి గురించి తనకు నిజంగా తెలిసింది ఎంతో తేలిపోతుంది. దూరపు స్నేహం వల్ల పరదేశం తెలుస్తుందని సాధారణంగా చెబుతారు గాని, దానికంటే ముందు, దానికంటే కచ్చితంగా తెలిసేది స్వదేశమే.

తెలుగు సాహిత్య చరిత్రలో ఈ మాటకు బలమైన సాక్ష్యం దాదాపు రెండు శతాబ్దాల కిందటే ఉంది. మద్రాసు సుప్రీం కోర్టులో దుబాసీగా, అంటే ఒక భాషలోని మాటలను మరొక భాషలో వినిపించే ఉద్యోగిగా, పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న మద్రాసు నుంచి బయలుదేరి, హైదరాబాదు, నాగపూరుల మీదుగా కాశీకి చేరి, గయ, కలకత్తా చూసుకొని, తూర్పు తీరం వెంట దిగివచ్చి, 1831 సెప్టెంబరులో ఇల్లు చేరాడు. రైలు లేని ఆ కాలంలో పదిహేను నెలలకు పైగా సాగిన ఈ ప్రయాణపు దినచర్యను ఆయన మద్రాసులోనే ఉండిపోయిన తన మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళకు ఎప్పటికప్పుడు రాసి పంపాడు. వీరాస్వామయ్య 1836లో మరణించగా, ఆ రాతలను భద్రపరచిన శ్రీనివాస పిళ్ళ 1838లో వాటిని ‘కాశీయాత్ర చరిత్ర’ పేరుతో అచ్చు వేయించాడు. తెలుగులో తొలి యాత్రా గ్రంథంగా పేరొందిన ఈ పుస్తకం ఒక స్నేహితుడు మరొక స్నేహితుడికి పంపిన ఉత్తరాల సంపుటమన్న సంగతిని పాఠకులు తరచుగా మరిచిపోతారు.

ఆ పుస్తకంలో మజిలీల మధ్య దూరాలు, బావుల నీటి రుచి, దిగిన ఊళ్ళలో దొరికే సరుకులు, దారి భద్రత, ఏ ప్రాంతం దాటాక జనం మాట, కట్టు, ఇళ్ళ తీరు ఎలా మారిందీ అన్న వివరాలు ఉండడానికి కారణం ఆయన పరిశీలనా శక్తి ఒక్కటే కాదు. చదవబోయే మనిషి ఆ దారిన రాలేదన్న ఎరుక కూడా అందుకు కారణమే. తనకోసమే రాసుకునే దినచర్యలో మనిషి ఎన్నో వదిలేస్తాడు, మిత్రుడికి పంపేదానిలో వదలడు. ఆ కాలంలో ‘దేశం’ అన్న పదం ఒక ప్రాంతాన్ని సూచించేది కాబట్టి, వీరాస్వామయ్య పోల్చి చూసినవి నేటి అర్థంలో ఒకే దేశంలోని ప్రాంతాలు. అయినా కుంఫిణీ పాలనలోని మద్రాసు నుంచి నిజాం రాజ్యంలోకి, అక్కడి నుంచి భోంస్లేల నాగపూరుకు వెళ్ళిన ప్రయాణికుడికి అవి వేర్వేరు రాజ్యాలే. ఆయన హైదరాబాదు నుంచి నిర్మల్ వైపు వెళ్ళిన దారికి చిట్యాల చాలా తూర్పున ఉండిపోయింది. చిట్యాల తెన్నున ఆయన వచ్చి ఉంటే గోదావరి అడవుల అంచున ఉన్న ఈ పల్లెల గురించి కూడా కొన్ని పుటలు మిగిలి ఉండేవి.

వీరాస్వామయ్యకు మనుషుల చేత ఉత్తరాలు పంపించుకునే స్తోమత ఉండేది. సామాన్యుడికి సముద్రాల అవతల స్నేహితుడు దొరకడానికి మరొక ఏర్పాటు కావలసి వచ్చింది. 1874 అక్టోబరు 9న స్విట్జర్లాండులోని బెర్న్ నగరంలో 22 దేశాలు సంతకం చేసిన ఒప్పందం తపాలా విషయంలో సభ్యదేశాలన్నింటినీ ఒకే భూభాగంగా లెక్కించాలని నిర్ణయించింది. పంపే దేశంలో అంటించిన బిళ్ళ చాలు, దారిలో ఏ దేశమూ మళ్ళీ పైకం అడగకూడదన్నది దాని సారాంశం. నేటి ప్రపంచ తపాలా సంఘానికి ఇదే పునాది, బ్రిటిష్ ఇండియా 1876లో ఇందులో చేరింది. 1906లో రోమ్‌లో జరిగిన తపాలా మహాసభ జవాబు కూపన్ అనే సదుపాయాన్ని కల్పించింది. ఉత్తరంతోపాటు ఆ కూపన్ పంపితే, అందుకున్నవాడు దాన్ని తన దేశపు తపాలా కార్యాలయంలో ఇచ్చి జవాబుకు కావలసిన బిళ్ళలు తీసుకోవచ్చు. కలం స్నేహితుల్లో ఒకరు పేదవారైనప్పుడు ఈ చిన్న కాగితం ఎంత మర్యాదగా పనిచేస్తుందో చెప్పనక్కరలేదు.

చిట్యాల ఉన్న హైదరాబాదు సంస్థానంలో పరిస్థితి ఇంకాస్త చిక్కుగా ఉండేది. నిజాం ప్రభుత్వం 1869 నుంచి సొంత తపాలా బిళ్ళలు వేసింది. తర్వాత వచ్చిన బిళ్ళల మీద విలువను పారసీ, ఇంగ్లీషు లిపులతోపాటు తెలుగులోనూ మరాఠీలోనూ ముద్రించేవారు. అయితే వాటి చెలామణి సంస్థానం పొలిమేర దాకానే. అవతలికి వెళ్ళే ఉత్తరం సంస్థానంలోనే విడిగా నడిచిన బ్రిటిష్ తపాలా కార్యాలయాల గుండా పోవలసిందే. 1950లో నిజాం తపాలా భారత తపాలాలో కలిసిపోయాక గాని పల్లె తపాలా డబ్బాకూ ప్రపంచానికీ మధ్య ఆ అడ్డు తొలగలేదు. ఆ తర్వాతి తరాలకు విద్యార్థులను జతపరిచే సంస్థలు దొరికాయి. ఫిన్లాండులోని తుర్కు నగరం నుంచి 1952లో మొదలై 2008 దాకా నడిచిన అంతర్జాతీయ యువజన సేవా సంస్థ, బడుల ద్వారా దరఖాస్తులు తీసుకొని, ఈడునూ కోరిన దేశాన్నీ చూసి స్నేహితుల చిరునామాలు పంపేది.

దూరపు మిత్రుడు మొట్టమొదట అడిగే ప్రశ్న ‘మీది ఏ దేశం?’ అన్నది. చిట్యాలలో ఈ ప్రశ్నకు జవాబు వయసును బట్టి పొడవవుతుంది. 1940 ప్రాంతంలో ఇక్కడ పుట్టిన మనిషి నిజాం ఏలుబడిలో కళ్ళు తెరిచి, 1948 సెప్టెంబరు తర్వాత భారతదేశంలోని హైదరాబాదు రాష్ట్రంలో బడికి వెళ్ళి, 1956 నవంబరు 1 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో సంసారం చేసి, 2014 జూన్ 2న తెలంగాణ పౌరుడయ్యాడు. ఈ మార్పులన్నింటిలోనూ అతడు గడప దాటింది లేదు. జిల్లా కూడా అంతే: 2016 అక్టోబరు 11 దాకా వరంగల్, ఆ రోజు నుంచి జయశంకర్ పేరు మీద ఏర్పడిన కొత్త జిల్లా. ఇలాంటి అనుభవం తెలంగాణకే ప్రత్యేకమనుకోవడం సరికాదు. నేటి ఉక్రెయిన్ పడమటి కొసన ఉన్న ఉజ్‌హొరోద్ పట్టణం ఇరవయ్యో శతాబ్దంలో వరసగా ఆస్ట్రియా–హంగరీ, చెకోస్లొవేకియా, హంగరీ, సోవియట్ యూనియన్, ఉక్రెయిన్ చేతుల్లోకి మారింది. ఆ ఊరి వృద్ధుడూ చిట్యాల వృద్ధుడూ ఉత్తరాలు రాసుకుంటే, భారతదేశం, ఉక్రెయిన్ అనే రెండు పేర్ల కింద పోల్చుకోగలిగింది తక్కువ, పాత చిరునామాల కింద పోల్చుకోగలిగింది చాలా ఎక్కువ.

చిరునామాలో మరో చిక్కు ఉంది. హైదరాబాదు–విజయవాడ రహదారి మీద నల్లగొండ జిల్లాలో ఇంకొక చిట్యాల ఉంది. పైగా చిట్యాల ఇంటిపేరు కూడా. పాలకుర్తిలో దొరతనాన్ని ఎదిరించి తన పంటను కాపాడుకున్న ఐలమ్మ ఇంటిపేరు అదే. ఒకే పేరున్న ఊళ్ళు, అక్షరక్రమం ఒక్కొక్కరు ఒక్కో తీరున రాసే పేర్లు, తపాలా సిబ్బందికి తెలియని లిపులు పెట్టే తికమకను తీర్చడానికే శ్రీరామ్ భికాజీ వేలంకర్ రూపొందించిన పిన్ కోడ్‌ను 1972 ఆగస్టు 15న ప్రవేశపెట్టారు. మొదటి అంకె ప్రాంతాన్ని, మొదటి మూడంకెలు ఉత్తరాలను వేరుచేసే జిల్లాను సూచిస్తాయి కాబట్టి, 506తో మొదలైతే వరంగల్ వైపు, 508తో మొదలైతే నల్లగొండ వైపు అని పరదేశపు ఉత్తరం కూడా దారి తప్పకుండా వస్తుంది.

భాష సంగతికి వస్తే, ‘మీ భాష ఏది?’ అన్న ప్రశ్నకు ఒక్క పేరు రాసి ఊరుకోవడం ఈ ప్రాంతానికి న్యాయం చేసినట్టు కాదు. భూపాలపల్లి, ములుగు, మహబూబాబాద్ వైపు పల్లెల్లో తెలుగుతోపాటు ఉర్దూ, లంబాడీ, కోయ మాటలు వినిపిస్తాయి. వీటిలో కోయ తెలుగు మాదిరే ద్రావిడ కుటుంబానికి చెందింది, లంబాడీ మాత్రం రాజస్థానీకి దగ్గరి ఆర్యభాష. ఇక తెలుగులోనే ఇంటి మాట ఒకటి, బడి పుస్తకం మాట మరొకటి. ఇంట్లో ‘ఏడికి పోతున్నవ్’ అని అడిగే పిల్లవాడు కాగితం మీద ‘ఎక్కడికి వెళుతున్నావు’ అనే రాస్తాడు. జనం నోట నలిగే తెలుగే అసలైన తెలుగని జీవితమంతా వాదించిన వరంగల్ కవి కాళోజీ నారాయణరావు పుట్టినరోజు సెప్టెంబరు 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుతున్నా, ఉత్తరాల్లోకి ఆ తెలుగు ఇంకా జంకుతూనే వస్తోంది. పరదేశపు మిత్రుడికి సొంత భాషను పరిచయం చేసేవాళ్ళు ఈ ఇంటి మాటను దాచిపెట్టడం పెద్ద లోపం.

రెండు భాషలను పక్కపక్కన పెట్టి చూసే పనికి తెలుగు పండితులున్న మద్రాసే ఒకప్పుడు కేంద్రం. సెయింట్ జార్జి కోట కళాశాలకు చెందిన ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ 1816లో ఎ.డి. క్యాంబెల్ తెలుగు వ్యాకరణానికి రాసిన ముందుమాటలో, తెలుగు, తమిళం, కన్నడం సంస్కృతం నుంచి పుట్టినవి కావనీ, వాటన్నింటికీ వేరే ఒక మూలం ఉందనీ పదాల మూలధాతువులను వరసపెట్టి చూపించాడు. మాట పోలిక వేరు, పుట్టుక వేరు అన్న ఈ పాఠం కలం స్నేహితులకూ పనికివస్తుంది. జపాన్ స్నేహితుడి భాషలోనూ, టర్కీ స్నేహితుడి భాషలోనూ తెలుగులో లాగే క్రియ వాక్యం చివరికి వస్తుందనీ, పదానికి ప్రత్యయాలు వెనక చేరుతాయనీ తెలిసినప్పుడు ఆశ్చర్యం కలుగుతుంది. అంతమాత్రాన ఆ భాషలు చుట్టాలని తేలిపోదు.

పోలికలలో అన్నింటికంటే లోతైనది వరసల పోలిక. ఇందులో తెలుగు ప్రపంచ విద్యా చరిత్రకెక్కిన సంగతి చాలామందికి తెలియదు. న్యూయార్కు రాష్ట్రంలోని రోచెస్టర్ నగర న్యాయవాది లూయిస్ హెన్రీ మోర్గన్, తన పొరుగున ఉన్న ఇరొక్వాయ్ తెగల్లో ఒకటైన సెనెకా జనం తండ్రి అన్నదమ్ములను కూడా తండ్రి అనే పిలుస్తారనీ, వాళ్ళ పిల్లలు సొంత అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళే అవుతారనీ, మేనమామ పిల్లలకు మాత్రం వేరే పేరు ఉందనీ గమనించాడు. లోకంలో ఇంకెక్కడైనా ఇలా ఉందా అని తెలుసుకోవడానికి ఆయన పెద్ద ప్రశ్నావళి తయారుచేసి, అమెరికా రాయబార ఉద్యోగుల ద్వారా, క్రైస్తవ మిషనరీల ద్వారా ఎన్నో దేశాలకు తపాలాలో పంపాడు. 1859లో దక్షిణ భారతదేశపు వరసలు ఆయనకు చేరినప్పుడు, భూగోళానికి అటువైపున ఉన్న తమిళ, తెలుగు కుటుంబాల్లో దాదాపు అదే అమరిక కనిపించింది. 1871లో స్మిత్‌సోనియన్ సంస్థ అచ్చువేసిన ఆయన బృహద్గ్రంథపు పట్టికల్లో తమిళ, కన్నడ వరసలతోపాటు తెలుగు వరసలూ ఉన్నాయి.

తెలుగింట పుట్టినవాళ్ళకు ఈ అమరిక గాలి పీల్చినంత సహజం కాబట్టి అందులోని వింత కనబడదు. తండ్రి అన్న పెద్దనాయన, తమ్ముడు చిన్నాయన, తల్లి అక్కచెల్లెళ్ళు పెద్దమ్మ, చిన్నమ్మ. వీళ్ళ పిల్లలందరూ అన్నలు, తమ్ముళ్ళు, అక్కలు, చెల్లెళ్ళు. తల్లి తోడబుట్టినవాడు మేనమామ, తండ్రి తోడబుట్టినది మేనత్త. వాళ్ళ పిల్లలు బావలు, వదినలు, మరదళ్ళు, బామ్మర్దులు, అంటే పెళ్ళి వరస అయినవాళ్ళు. ఇంగ్లీషు మిత్రుడు ఈ రెండు వైపుల పిల్లలందరినీ కజిన్ అనే ఒక్క మాటలో కలిపేస్తాడు. ‘నా చెల్లెలి పెళ్ళి’ అని చిట్యాల నుంచి రాసిన ఉత్తరం అందుకొని, ‘నీకు తోబుట్టువులు లేరన్నావు కదా’ అని అతడు అడిగితే, జవాబుగా ఒక సమాజ నిర్మాణాన్నే వివరించవలసి వస్తుంది.

మోర్గన్ ఈ పోలికను చూసి అమెరికా ఆదివాసులు ఆసియా నుంచి వచ్చినవారనడానికి ఇదే రుజువని భావించాడు. వరసల పోలిక మీద కట్టిన ఆ రుజువు నిలవలేదు. 1964లో ఫ్లాయిడ్ లౌన్స్‌బరీ ఈ రెండు పద్ధతులూ దగ్గరి బంధువుల వరకే ఒకటిగా కనిపిస్తాయనీ, ఒక మెట్టు దూరం వెళితే విడిపోతాయనీ చూపించాడు. ఉదాహరణకు తండ్రి మేనమామ కొడుకు తండ్రికి బావ అవుతాడు గనుక తెలుగువాళ్ళకు మామ. ఇరొక్వాయ్ పద్ధతిలో అతడూ తండ్రి వరసలోనే పడతాడు. మొదటి ఉత్తరంలో అచ్చం ఒకటిగా తోచిన రెండు లోకాలు పదో ఉత్తరానికి వేరుపడడం కలం స్నేహాల్లో సాధారణం. ఆ తేడా కనిపించిన నాడే అసలు పరిచయం మొదలవుతుందని చెప్పాలి.

దూరపు స్నేహితుడు తెలుగువాడే అయితే పోలిక మరో మలుపు తిరుగుతుంది. పందొమ్మిదో శతాబ్దంలో కోస్తా రేవుల నుంచి చెరకు తోటల పనికి మారిషస్ వెళ్ళిన తెలుగు కూలీల వారసులు నేడు ఇంట్లో ఎక్కువగా క్రియోల్, అంటే ఫ్రెంచి పలుకుబడి మీద ఆ దీవిలోనే పుట్టిన భాష, మాట్లాడతారు. అయినా ఉగాది అక్కడ ప్రభుత్వ సెలవు దినం, రామభజనలు సాగుతాయి, బడుల్లో తెలుగు నేర్పుతారు, మోకాలోని మహాత్మాగాంధీ సంస్థలో పై చదువులూ ఉన్నాయి. 1975లో హైదరాబాదులోనూ 1981లో కౌలాలంపూర్‌లోనూ జరిగిన ప్రపంచ తెలుగు మహాసభలకు 1990లో మారిషస్ వేదికైంది. ఇంట్లో క్రియోల్, పూజలో తెలుగు ఉన్న మారిషస్ పిల్లవాడికీ, ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లీషు ఉన్న చిట్యాల పిల్లవాడికీ మధ్య ఉత్తరాలు నడిస్తే, తెలుగు ఎవరికి సొంత భాష అన్న ప్రశ్నకు ఇద్దరూ కొత్తగా జవాబు వెతుక్కోవలసి వస్తుంది. భివండి, సూరత్ మరమగ్గాల మీదికి వలసపోయిన ఓరుగల్లు చేనేత కుటుంబాల పిల్లల సంగతీ దీనికి భిన్నం కాదు, దూరం తక్కువ, అంతే.

తెలుగు పల్లెలకు స్నేహితుడు లేకుండానే ఒక దూరదేశం పరిచయమైన సందర్భమూ ఉంది. మాస్కోలోని ప్రగతి, ఆ తర్వాత రాదుగ ప్రచురణాలయాలు ఉప్పల లక్ష్మణరావు, ఆర్వియార్ వంటి అనువాదకుల చేత తెలుగు చేయించి అతి తక్కువ ధరకు పంపిన పుస్తకాల వల్ల, మంచును ఎన్నడూ చూడని పాఠకులకు రష్యా చలికాలం తెలిసింది. అయితే అది ఒకవైపు నుంచే వచ్చిన ఉత్తరం. 1991లో సోవియట్ యూనియన్ విడిపోయాక అదీ ఆగిపోయింది.

ఇక ప్రయాణపు కలలు. పరదేశపు మిత్రుడు భారతదేశం అనగానే తాజ్‌మహల్ చూడాలని ఉందని రాస్తాడు, చిట్యాల మిత్రుడు కూడా మొహమాటానికి దానినే పొగుడుతాడు. నిజానికి పొరుగున ఉన్న ములుగు జిల్లా పాలంపేటలో, కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన రామప్ప గుడి ఉంది. నీటిలో తేలే ఇటుకలతో శిఖరం లేపి, ఇసుక నింపిన పునాది మీద నిలబెట్టిన ఈ గుడిని 2021 జూలై 25న యునెస్కో ప్రపంచ వారసత్వ కట్టడంగా గుర్తించింది. చిట్యాల మండలంలోనే నైన్‌పాకలో నాలుగు దిక్కులా ద్వారాలతో, ఒకే రాతి మీద నాలుగు వైపులా మూర్తులను చెక్కిన అరుదైన ఆలయం ఉంది. ఇలాంటి కట్టడాన్ని శిల్పశాస్త్రం సర్వతోభద్రం అంటుంది, ఎటునుంచి చూసినా ముఖద్వారమే కనిపించేలా కట్టినదని అర్థం. ఊరికి ఇంత దగ్గరలో ఉన్న దాన్ని చూడకుండా పారిస్ గురించి కలగనడం తప్పేమీ కాదు గాని, దూరపు మిత్రుడికి రాయడానికి ఇంతకంటే మంచి విషయం దొరకదు.

ఈ కలలు రెండు వైపులా సమానమైనవి కావన్న చేదు నిజాన్ని కూడా చెప్పుకోవాలి. ఫిన్లాండు పౌరుడు భారతదేశం రావాలనుకుంటే ఇంట్లో కూర్చొని ఈ-వీసాకు దరఖాస్తు చేసుకోవచ్చు. చిట్యాల పౌరుడు ఫిన్లాండు వెళ్ళాలంటే బ్యాంకు ఖాతా వివరాలు, బస ఏర్పాటు, 30,000 యూరోల వైద్య బీమా చూపించి, తిరిగి వస్తానని అవతలివాళ్ళను నమ్మించాలి. ఒకరికి ప్రయాణమంటే విహారం. ఉత్తర తెలంగాణ పల్లెల్లో అనేకులకు అదే మాట గల్ఫ్ కొలువును, ఏజెంటుకు కట్టిన అప్పును గుర్తుచేస్తుంది. ప్రయాణపు కలలను పోల్చుకునే స్నేహితులు ఈ తేడాను దాటవేస్తే, ఆ స్నేహం బొమ్మల పోస్టుకార్డు దగ్గరే ఆగిపోతుంది. 2017 నుంచి తపాలా కార్యాలయాల్లోనే పాస్‌పోర్టు సేవా కేంద్రాలు మొదలై, వరంగల్‌లోనూ ఒకటి వచ్చినందువల్ల కనీసం తొలి మెట్టు కోసం హైదరాబాదు దాకా పోవలసిన పని తగ్గింది.

ఇప్పుడు ఫోనులో మాట క్షణంలో చేరుతుంది, యంత్రం అనువాదం చేసిపెడుతుంది, కాబట్టి కలం స్నేహానికి కాలం చెల్లిందనేవాళ్ళున్నారు. వేగం పెరిగిన మాట నిజమే. కాని ‘తిన్నావా’, ‘బాగున్నావా’ అనే పలకరింపులు రోజుకు పదిసార్లు దాటినా ఊరు గురించి ఒక్క పేరా దాటని స్నేహాలే ఎక్కువ. జవాబుకు వారాలు పడుతుందని తెలిసిన మనిషి మాత్రమే నాలుగు పుటలు రాస్తాడు. పోర్చుగల్ విద్యార్థి ఒకరు 2005లో మొదలుపెట్టిన పోస్ట్‌క్రాసింగ్, ముక్కూముఖం తెలియనివారి మధ్య కాగితపు కార్డులు నడిపే పద్ధతి, నేటికీ కొనసాగడం ఆ నిదానానికి గిరాకీ చావలేదనే చెబుతుంది.

తెలంగాణ బడుల్లో తెలుగు బోధనను తప్పనిసరి చేస్తూ 2018లో చట్టం వచ్చింది. అయినా తెలుగు పరీక్షలో ‘నీవు చూసిన ప్రదేశం గురించి మిత్రునికి లేఖ రాయుము’ అన్న ప్రశ్న తరతరాలుగా వస్తూనే ఉంది, ఎక్కడా లేని మిత్రుడికి, ఉత్తుత్తి చిరునామాకు పిల్లలు, గైడులో బట్టీపట్టిన ఉత్తరం రాసి మార్కులు తెచ్చుకుంటూనే ఉన్నారు. అదే ఉత్తరాన్ని మారిషస్‌లో తెలుగు నేర్చుకుంటున్న ఏదో ఒక తరగతికి నిజంగా పంపడానికి కావలసిందల్లా ఒక ఉపాధ్యాయుడి చొరవ, కాస్త తపాలా ఖర్చు. చిట్యాల మండలంలోని తెలుగు ఉపాధ్యాయులు వచ్చే విద్యా సంవత్సరంలో కనీసం ఒక తరగతి చేత ఈ పని చేయించాలి. మొదటి ఉత్తరంలో నైన్‌పాక గుడి గురించి, ఇంటి తెలుగులోనే రాయించాలి.